కాయము చెడని కాయకము

శ్రమ లేనిదే జీవనము లేదు. శ్రమను హీనముగా చూచిన సమాజము ఎంత సంపన్నమైనను లోలోపల కుళ్ళిపోవును. ఈ సత్యమును పన్నెండవ శతాబ్దములో కల్యాణమునందలి శరణులు గుర్తించిరి. బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, గడ్డి కోసి త్రాళ్ళు పేనిన నులియ చందయ్య, వీరందరును బసవేశ్వరుని మహామనెలో ఒక్క వరుసలో కూర్చుండిరి. వారి వృత్తికి ‘కాయకము’ అని పేరు. కాయము అనగా దేహము. దేహముతో నిజాయితీగా చేసిన పనియే కాయకము. ఆ పని పూజకు తక్కువది కాదని వారి సిద్ధాంతము.

ఇంతవరకు అందరు ఎరిగినదే. అయితే ఈ సిద్ధాంతములోనుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. ఏ కాయముతో కాయకము జరుగుచున్నదో, ఆ కాయమునే తినివేయు పనిని కాయకమనవచ్చునా? పనిచేసినవాడు తనకు తెలియకయే తన ఊపిరిని కూలికి అమ్ముకొనుచున్నచో, ఆ అమ్మకములో దోషము ఎవరిది? ఈ ప్రశ్నకు ఆస్‌బెస్టాస్ కంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

రాతినార అనగా నేమి?

ఆస్‌బెస్టాస్‌ను తెలుగులో రాతినార అందురు. ఇది రాతిలో పుట్టిన నార. నిప్పుకు కాలదు, నీటికి కుళ్ళదు, ఆమ్లములకు తేలికగా లొంగదు, దూదివలె విడదీసి నేయవచ్చును. ఇన్ని గుణములు ఒక్కచోట కూడిన పదార్థము చవకగా దొరకుటచే ఇరువదవ శతాబ్దమున ప్రపంచమంతయు దీనిని వాడినది. సిమెంటులో సుమారు పదవ వంతు రాతినార కలిపి పోసిన రేకులు మన పల్లెలలో ‘సిమెంటు రేకులు’ అను పేరుతో సుపరిచితములు.

లింగంపేట మండలములోని ఏ ఊరికి పోయినను ఈ రేకులు కనబడును. ఒకనాడు గూన పెంకుల ఇండ్లు, గడ్డి కప్పిన గుడిసెలు ఉన్నచోట నేడు రేకుల ఇండ్లు, రేకుల కొట్టములు, రేకుల బడిపంచలు వెలసినవి. ఎల్లారెడ్డి, కామారెడ్డి అంగళ్ళలో ఇవి వరుసగా నిలబెట్టి ఉండును. పెంకు నేయుటకు ఏటేట ఖర్చు, గడ్డి కప్పుకు నిప్పు భయము. రేకు వేసినచో రెండు బాధలును తీరును. కావున పేదవాడు రేకును కోరుటలో తప్పు లేదు. సనత్‌నగర్ మొదలుకొని పటాన్‌చెరు వరకు హైదరాబాదు చుట్టుప్రక్కల ఈ పరిశ్రమ దశాబ్దములుగా వ్రేళ్ళూనుకొని ఉన్నది. ఉపాధికై పల్లె విడిచిన తెలంగాణ యువకులెందరో ఆ పారిశ్రామికవాడల దారి పట్టిరి. కడప జిల్లాలోని పులివెందుల ప్రాంతమున తెల్ల రాతినార గనులు కూడ నడచినవి.

ఈ నారలోని దోషము దాని గుణములోనే ఉన్నది. ఏ నార నిప్పుకు, నీటికి, ఆమ్లమునకు లొంగదో, అది మనిషి ఊపిరితిత్తులలోని రక్షణ శక్తికిని లొంగదు. కంటికి కనబడని సన్నని పోగులు గాలిలో తేలి, శ్వాసతో లోనికి పోయి, ఊపిరితిత్తుల అడుగున చిక్కుకొనును. దేహము వానిని కరిగింపలేదు, వెలికి నెట్టలేదు. వాని చుట్టు గాటు పడి, మెత్తని ఊపిరితిత్తి క్రమముగా గట్టిపడును. ఇది ఆస్‌బెస్టోసిస్. నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసము, ఆపై నడచినను ఆయాసము, తుదకు కూర్చున్నను ఆయాసము. దీనికి తోడు ఊపిరితిత్తుల క్యాన్సరు. ఊపిరితిత్తులను, ఉదరమును కప్పియుండు పొరకు వచ్చు మీసోథీలియోమా అను క్యాన్సరు మరియొకటి. అది ప్రధానముగా రాతినార వలననే కలుగును. పొగ త్రాగువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లు పెరుగును. ఇంటింట బీడీలు చుట్టు ఈ ప్రాంతములో ఈ మాట మరువరానిది.

అన్నిటికంటె భయంకరమైనది కాలవిలంబము. దుమ్ము పీల్చిన నాటికి, రోగము బయటపడు నాటికి నడుమ ఇరువది, ముప్పది, నలువది సంవత్సరములు గడచును. పాము కరచినచో కాటు కనబడును, పాము కనబడును. ఇక్కడ విషము ఎక్కునాటికి పని మానివేసి ఏండ్లగును, యజమాని మారును, కర్మాగారము పేరు మారును, కొన్నిచోట్ల మూతపడియుండును. ముసలితనమున దగ్గుచున్న వానిని చూచి ఇరుగుపొరుగు ‘క్షయ కాబోలు’ అందురు. వాని మరణము ఏ లెక్కలోను చేరదు.

తెలిసియు తెలియనట్లు

ఇది నిన్న మొన్న కనుగొన్న సంగతి కాదు. ఇంగ్లండులో రాతినార పోగులు వడికిన నెల్లీ కెర్షా అను కార్మికురాలు 1924లో మరణించినది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన వైద్యుడు కారణమును ప్రకటించెను. 1930లో మెరివెదర్, ప్రైస్ అను ప్రభుత్వోద్యోగులు కార్మికులను పరిశీలించి, దుమ్ములో గడిపిన కాలము పెరిగినకొలది రోగము పెరుగునని నిరూపించిరి. 1931లో బ్రిటను దుమ్ము అదుపునకు నిబంధనలు చేసినది. అయినను అచ్చట సంపూర్ణ నిషేధము వచ్చినది 1999లో. నిబంధనకు నిషేధమునకు నడుమ 68 సంవత్సరములు. ఆ నిబంధనలు కొన్ని విభాగములకే వర్తించినవి. ఓడలలో, కట్టడములలో దానిని కోసి అతికినవారికి రక్షణ లేకపోయెను. ఆ ఉపేక్షకు ఫలముగా ఇప్పటికిని బ్రిటనులో ఏటేట రెండువేలకు పైగా ప్రజలు మీసోథీలియోమాతో మరణించుచున్నారు. చట్టము కాగితముపై ఉండుట వేరు, పనిచేయు చోటికి చేరుట వేరు అనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

తెల్ల రాతినారతో సహా అన్ని రకములును మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. పనిచేయు చోట పీల్చిన రాతినార వలన ప్రపంచములో ఏటేట రెండు లక్షలకు మించి మరణములు కలుగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఐరోపా సమాఖ్య 2005 నాటికి దీనిని నిషేధించినది. ఒకప్పుడు ప్రపంచమునకు రాతినార పంపిన కెనడా 2018లో నిషేధించినది. అమెరికా 2024లో తెల్ల రాతినారపై నిషేధపు ఉత్తర్వు వెలువరించినది. భారతదేశము 1986లోనే కొత్త గనులకు లీజులు ఇచ్చుట నిలిపివేసినది. కాని రష్యా, కజకిస్తాన్ మొదలగు దేశములనుండి దిగుమతి చేసికొని వాడుట మానలేదు. మన నేలనుండి త్రవ్వుటకు తగనిది మన కార్మికుని ఊపిరికి తగునా అను ప్రశ్నకు సమాధానము రావలసియే ఉన్నది.

చట్టము ఏమి చెప్పినది?

మన దేశమున చట్టము లేదనుట న్యాయము కాదు. రాజ్యాంగములోని 39వ అధికరణము కార్మికుల ఆరోగ్యమును, బలమును దుర్వినియోగము కానీయరాదని రాజ్యమునకు ఆదేశించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఆస్‌బెస్టోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన రోగముల పట్టికలో చేర్చినది. 1984లో భోపాల్ విషవాయు ఘోరము జరిగిన పిదప, 1987లో ఆ చట్టమును సవరించి, ప్రమాదకర ప్రక్రియలను గూర్చిన సమాచారము కార్మికునికి తెలుపవలెననియు, ఆరోగ్య పత్రములు భద్రపరుపవలెననియు విధించిరి.

అంతకంటె గొప్ప మాట 1995 జనవరి 27న సుప్రీంకోర్టు పలికినది. అహమ్మదాబాదులోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రము వేసిన వ్యాజ్యములో, తెలుగువాడైన న్యాయమూర్తి కె. రామస్వామి తీర్పు వ్రాసిరి. కార్మికుని ఆరోగ్యము 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని ఆ తీర్పు స్పష్టము చేసినది. ప్రతి కార్మికుని ఆరోగ్య పత్రమును, పనిలో చేరిన నాటినుండి కనీసము 40 సంవత్సరములు, లేదా పని విడిచిన పిదప 15 సంవత్సరములు, ఏది అధికమో అంతవరకు భద్రపరుపవలెనని ఆదేశించినది. కార్మికులందరికి బీమా ఉండవలెననియు, రోగము ధ్రువపడిన వానికి లక్ష రూపాయల పరిహారము చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. నలువది ఏండ్ల పత్రము అనునది గుమాస్తా పని కాదు. కాలము దాచిన నేరమునకు కాలముచేతనే సాక్ష్యము పలికించు ఉపాయమది.

2011 జనవరిలో అదే న్యాయస్థానము సంపూర్ణ నిషేధము కోరిన మరియొక వ్యాజ్యమును అంగీకరింపలేదు. అయినను అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన తీర్మానమును దృష్టిలో నుంచుకొని రక్షణలను సమీక్షింపవలెనని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములకు సూచించినది. ఆ సంస్థయే 1986లో చేసిన 162వ సంఖ్య ఆస్‌బెస్టాస్ ఒడంబడికను భారతదేశము నేటికిని ధ్రువీకరింపలేదు.

2025 నవంబరు 21 నుండి ఫ్యాక్టరీల చట్టము స్థానములో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి అమలునకు వచ్చినది. నిర్ణీత వయస్సు దాటిన ఉద్యోగులకు ఏటేట ఉచిత వైద్యపరీక్ష అను మంచి నియమము ఇందులో కలదు. అదే సమయమున, విద్యుత్తు వాడు చోట పదిమందికి వర్తించిన ‘ఫ్యాక్టరీ’ నిర్వచనము ఇరువది మందికి, విద్యుత్తు లేనిచోట ఇరువది మంది నలువదికి పెరిగినది. చిన్న కొట్టములలో పనిచేయువారు ఈ గీతకు ఆవల మిగిలిపోవు ప్రమాదము కలదు.

ఇక గీతకు మొదటినుండియు ఆవలనే ఉన్నవాడు లింగంపేటలో రేకు కోయు కూలివాడు. కర్మాగారములో తడిపి కలిపి, దుమ్మును యంత్రముతో లాగివేయు ఏర్పాటు ఉండవచ్చును. ఆ రేకు ఊరికి వచ్చిన పిదప, ఎండలో నిలబడి, పొడిగానే రంపముతో కోసి, బోల్టులకు రంధ్రములు పొడుచువానికి ముఖమున ఉన్నది తువ్వాలు మాత్రమే. ఆ సన్నని పోగులను తువ్వాలు ఆపలేదు. పాత కప్పును సమ్మెటతో పగులగొట్టి, ముక్కలను ట్రాక్టరులో పోసి, చెరువుకట్ట ప్రక్కన గుమ్మరించువాని పేరు ఏ పుస్తకములోను లేదు. సాయంత్రము ఆ దుమ్ము వాని బట్టలతో ఇంటికి వచ్చును. ఆ బట్టలు దులిపి ఉతుకునది భార్య. ఆ బట్టలతోనే ఒడిలోనికి తీసికొనునది పసిబిడ్డను. కర్మాగారపు గడప తొక్కని స్త్రీలకు బట్టల దుమ్ముతో మీసోథీలియోమా వచ్చినట్లు 1965 నాటికే లండను పరిశోధనలు వెల్లడించినవి. మడివాళ మాచయ్య పేరు చెప్పుకొను సమాజమునకు, బట్ట ఉతుకు చేతిని కాపాడవలసిన బాధ్యత లేదనగలమా?

మూడు సాకులు

ఈ విషయము చర్చకు వచ్చినపుడు మూడు సమాధానములు వినబడుచుండును.

మొదటిది: ‘వాడు ఇష్టపడియే పనిలో చేరినాడు.’ ఇష్టమునకు జ్ఞానము మూలము. తూకము తెలియకుండ కొన్నది బేరము కాదు, మోసము. తాను పీల్చునది ముప్పది ఏండ్ల పిదప ప్రాణము తీయునని ఎరుగని వాని సమ్మతి సమ్మతి కాదు. ఎరిగినను, ఆ పూట ఇంటిలో గింజలు లేనివాని సమ్మతి స్వేచ్ఛ కాదు. శరణులు కష్టమును వరించిరి, నిజమే. కాని శ్రమ వేరు, హాని వేరు. శ్రమ చెమట రూపమున బయటికి పోవును, రాత్రి నిద్రతో తీరును. హాని లోపల నిలిచి పెరుగును. శ్రమను గౌరవించుట ధర్మము. హానిని శ్రమ అను పేరుతో కప్పిపుచ్చుట అధర్మము.

రెండవది: ‘పేదవానికి చవక కప్పు కావలెను గదా!’ ఈ మాటలో కొంత సత్యమున్నది గనుకనే దీనిని శ్రద్ధగా పరిశీలింపవలెను. రేకు చవకయైనది ఎందువలన? దుమ్ము అదుపునకు, వైద్యపరీక్షకు, పరిహారమునకు, పాత రేకును జాగ్రత్తగా పూడ్చుటకు కావలసిన ఖర్చు దాని ధరలో చేరలేదు గనుక. ఆ ఖర్చు మాయము కాలేదు. ఒక పేదవాని ఊపిరి దానిని చెల్లించినది. ఒక పేదవాని కప్పునకు మరియొక పేదవాని ప్రాణము వెలగా కట్టుట దయ కాదు. రాతినార లేని సిమెంటు రేకులను హైదరాబాదు కేంద్రముగా గల సంస్థలే తయారుచేసి అమ్ముచున్నవి. ధర కొంత అధికము. ఆ తేడాను తగ్గించుట ప్రభుత్వము చేతిలోని పని.

మూడవది: ‘అది వాని ప్రారబ్ధము.’ కర్తను దాచుటకు ఇంతకంటె మంచి తెర లేదు. గాలిగొట్టము పెట్టనిది తలరాత కాదు, మనిషి. తనిఖీకి పోనిది గ్రహచారము కాదు, ఉద్యోగి. మనిషి చేసిన తప్పును మనిషియే దిద్దవలెను.

ఈ సందర్భమున ఆయ్దక్కి దంపతుల కథ స్మరింపదగినది. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యము ఏరుకొని వచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యముకంటె అధికముగా తెచ్చెను. అక్కరకు మించినది మనది కాదని, తిరిగి ఇచ్చి రమ్మని లక్కమ్మ పంపివేసినది. దుమ్ము లాగు యంత్రము పెట్టక మిగిల్చిన సొమ్ము, వైద్యపరీక్ష చేయింపక మిగిల్చిన సొమ్ము లాభము కాదు. అది ఆ అధికపు బియ్యము. అది కార్మికుని శ్వాసకు చెందినది. తిరిగి ఇచ్చివేయవలసినది.

చట్టము ఎందుకు? మనస్సాక్షి చాలదా?

ధర్మాత్ములగు యజమానులు స్వయముగానే కార్మికులను కాపాడుదురు గదా, చట్టమెందుకు అని కొందరందురు. ఒక యజమాని మంచివాడై రక్షణకు ఖర్చు పెట్టెననుకొందము. ప్రక్కవాడు పెట్టడు. అంగడిలో ప్రక్కవాని రేకు చవక. కొన్నాళ్ళకు మంచివాడు నష్టపోవును, లేదా తానును మానివేయును. చట్టము అందరికి ఒక్కటిగా ఉన్నప్పుడే మంచివానికి తన మంచితనము శిక్ష కాకుండును. ఒక్క జిల్లాలో, ఒక్క రాష్ట్రములో కఠినముగా ఉన్నచో కర్మాగారము పొరుగునకు తరలిపోవును. కావుననే దేశమంతటికి ఒకే నియమము కావలెను.

అయితే అమలు లేని నియమము గోడమీది వ్రాత వంటిది. తనిఖీ చేయువాడు చెప్పకుండ రావలెను; గాలిని స్వయముగా కొలువవలెను; కొలిచిన లెక్కను కార్మికునికి వాని భాషలో చూపవలెను. ఛాతీ ఫోటో తీయుటతో సరిపెట్టక, దానిని చదువగల వైద్యుని నియమింపవలెను. పని విడిచి ఊరికి చేరిన వానిని వెదకి పరీక్షింపవలెను. ఎందుకనగా రోగము బయటపడునది అప్పుడే. ప్రభుత్వాసుపత్రిలో దగ్గుతో వచ్చిన ప్రతివానిని ‘నీవు ఎక్కడ, ఏ పని చేసితివి?’ అని అడుగు అలవాటు వైద్యులకు రావలెను. ఆ ఒక్క ప్రశ్న లేకపోవుట చేతనే లెక్క లేకుండ పోవుచున్నది. లెక్క లేకపోవుట చేతనే ‘రోగులు లేరు’ అను వాదము నిలబడుచున్నది.

ఇంటింటి కర్తవ్యము

ప్రభుత్వమును అడుగుట ఎంత అవసరమో, చేతిలో ఉన్నది చేయుటయు అంతే అవసరము. కొట్టము వేయించు ప్రతి గృహస్థుడును ఆ పూటకు యజమానియే. దాసోహశాల కట్టించు మఠమును అంతే. క్రొత్త కప్పు వేయునపుడు రాతినార లేని రేకునో, పెంకునో, ఇనుప రేకునో ఎంచుకొనవచ్చును. ఉన్న కప్పు చెక్కుచెదరక యున్నచో భయపడి పీకివేయరాదు; కదల్చకుండ ఉన్నదానికంటె పగులగొట్టినదియే ప్రమాదము. తీయక తప్పనిచో బాగుగ నీరు చల్లి, పగులకుండ నిలువుగా దింపవలెను. పొడి రంపము, పొడి చీపురు పనికిరావు. ముక్కలను దారి గుంతలలో నింపుట, పిల్లలు ఆడుచోట పడవేయుట కూడదు. పనివానికి తువ్వాలు కాక తగిన మాస్కు ఇచ్చి, పని ముగిసిన చోటనే స్నానమునకు, బట్టలు తడుపుటకు నీరు ఏర్పాటు చేయవలెను. ఇది ఖరీదైన సంగతి కాదు. కూలి ఇచ్చితిమి, ఋణము తీరినది అను భావము పోవలెను, అంతియే.

లింగంపేటలో రాతితో కట్టిన ప్రాచీనమైన మెట్లబావి కలదు. దానిని త్రవ్విన చేతుల పేర్లు నేడు ఎవరికిని తెలియవు. వారి శ్రమఫలము మాత్రము తరతరములు నిలిచినది. పని అనగా అట్లుండవలెను. చేసినవాడు పోయిన పిదప వాని పుణ్యము మిగులవలెను గాని, వాని రొమ్ములో దుమ్ము మిగులరాదు.

కాయము చెడని పనియే కాయకము. ఇతరుని కాయమును చెరుపక ఆర్జించినదియే దాసోహమునకు అర్హము. అన్నము పెట్టుటకు ముందు, ఆ అన్నము ఎవరి ఊపిరి ఖర్చుతో వచ్చినదో విచారించు ఇల్లు ధన్యమైనది. అట్టి విచారణ ఇంటినుండి ఊరికి, ఊరినుండి శాసనసభకు, శాసనసభనుండి కర్మాగారపు గడపకు చేరుగాక.

శరణు శరణార్థి.